సముద్రం దిగితే మా బావి ఎక్కుతోంది, ఎందుకు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. చీరాల, బాపట్ల మధ్య తీరంలో ఇసుక నేల. సముద్రానికి 50 మీటర్ల దూరంలో పాతకాలపు వరల బావి. అర కిలోమీటరు లోపలికి, బంకమట్టి పొర దాటించి దించిన బోరు ఒకటి. బావిలో నీరు రోజుకి రెండుసార్లు రెండంగుళాల మేర పెరిగి తగ్గుతోంది. అదీ తలకిందులుగా: సముద్రం పోటు మీద ఉంటే బావి తగ్గుతుంది, ఆటు మీద ఉంటే పెరుగుతుంది. ఎక్కడో దూరంగా ఉన్న బోరులో మాత్రం జానెడుకి పైగా కదులుతోంది, పోటు వచ్చిన మూడు గంటలకి. పైగా బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉన్నాయి. సముద్రం కిందనుంచి వచ్చేస్తోందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్.

కొలిచి అడిగినందుకు సంతోషం. "మా బావిలో నీళ్ళు ఊగుతున్నాయి" అని మాత్రమే రాస్తే నేను ఊహించి చెప్పాల్సి వచ్చేది. మీరు గంటలూ అంగుళాలూ ఇచ్చారు కాబట్టి లెక్కతోనే చెప్పొచ్చు. ముప్పై ఏళ్ళుగా భూగర్భజలాల పనిలో ఉన్నాను, అందులో సగానికి పైగా కోస్తా ఇసుకల్లోనే గడిచింది.

మీ బావికీ బోరుకీ రోజుకి రెండుసార్లు చేరుతున్నది సముద్రపు నీరు కాదు, సముద్రపు తోపుడు. నిండుగా నీళ్ళున్న తోట పైపుకి ఒక చివర కుళాయి తిప్పితే రెండో చివర వెంటనే నీళ్ళు చిమ్ముతాయి. ఆ చిమ్మిన నీళ్ళు కుళాయిలోంచి అప్పుడే బయల్దేరినవి కావు, పైపులో ముందునుంచీ ఉన్నవే. నేలలోనూ అంతే. మీ బావి దగ్గరి ఇసుకలో ఒక నీటిబొట్టు పోటు తోపుడుకి ముందుకి జరిగేది ఓ మూడు సెంటీమీటర్లు, ఆటుకి మళ్ళీ అంతే వెనక్కి. అలల అంచు దగ్గర కూడా ఆ కదలిక మీటరు లోపే. ఇలా ఊగుతూనే అది మొత్తం మీద మెల్లగా సముద్రం వైపుకే పోతూ ఉంటుంది, ఎందుకంటే మామూలు రోజుల్లో నేలలోని తీపి నీటి మట్టం సముద్ర మట్టం కంటే కాస్త ఎత్తున ఉంటుంది. ఆటు సమయంలో తీరపు ఇసుకలో చెలమ తీస్తే తియ్యటి నీరు ఊరేది అందుకే.

ఇప్పుడు ఆ తలకిందుల సంగతి. మన తీరంలో పోటు రోజుకి రెండుసార్లు, 12 గంటల 25 నిమిషాలకొకసారి వస్తుంది. అందుకే పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి పోటు పెద్దది, అష్టమి తర్వాత చిన్నది. పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య తేడా మన దగ్గర మీటరు నుంచి ఒకటిన్నర మీటరు. లెక్క కోసం 120 సెంటీమీటర్లు అనుకుందాం.

ఈ 120 సెంటీమీటర్ల తోపుడు ఇసుకలోకి దిగగానే అలసిపోతుంది. పైన కప్పు లేని ఇసుకలో నీటి మట్టం ఒక సెంటీమీటరు పెరగాలన్నా అక్కడి ఖాళీలన్నీ నీటితో నిండాలి. మంచి ఇసుకలో నూటికి ఇరవై పాళ్ళు అలాంటి ఖాళీయే. అంత నీరు అటూ ఇటూ జరిగేలోపే ఆరు గంటలు గడిచి సముద్రం వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. అమెరికాలో భూగర్భజల శాస్త్రవేత్తలు జాకబ్ 1950లో, ఫెర్రిస్ 1951లో దీనికి సూత్రం రాశారు, ఇప్పటికీ మేం అదే వాడతాం. పదిహేను మీటర్ల మందం ఉండి, వాలు ఒకటికి ఒకటి ఉన్నప్పుడు రోజుకి 20 మీటర్ల చొప్పున నీరు పారనిచ్చే ఇసుక అనుకుంటే లెక్క ఇలా తేలుతుంది: ప్రతి 25 మీటర్లకీ ఊపు ఐదో వంతుకి పడిపోతుంది, ఆలస్యం మూడు గంటల పైచిలుకు పెరుగుతుంది. అంటే 25 మీటర్ల దగ్గర 24 సెంటీమీటర్లు, 50 మీటర్ల దగ్గర అయిదు సెంటీమీటర్లు, అంటే మీ రెండంగుళాలు. ఆలస్యమేమో రెండు మూళ్ళు ఆరు, ఇంకో పావుగంట. మధ్యాహ్నం పన్నెండుకి సముద్రంలో పోటు వస్తే దాని తోపుడు మీ బావికి చేరేది సాయంత్రం ఆరుంబావుకి. సరిగ్గా ఆ సమయానికి సముద్రం ఆటు మీద ఉంటుంది. మీ బావి తిరగబడలేదు, ఉత్తరం ఆలస్యంగా అందుతోంది, అంతే.

ఇది మీరొక్కరే చూసిన వింత కాదు. స్పెయిన్‌లోని కాడిజ్‌లో, అప్పటి పేరు గాడిస్, హెర్క్యులిస్ గుడి దగ్గరి బావిలాంటి ఊట ఒక్కోసారి సముద్రంతో పాటు ఎక్కి దిగుతుందనీ, ఒక్కోసారి దానికి ఎదురుగా నడుస్తుందనీ దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ పండితుడు ప్లినీ రాసిపెట్టాడు. అప్పటివాళ్ళు దాని మీద చాలా వాదించుకున్నారు కూడా.

మరి యాభై మీటర్లలోనే చచ్చిపోయే తోపుడు అర కిలోమీటరు దూరంలో బోరుని జానెడు ఎలా లేపుతోంది? బోరు తీసిన చోట బంకమట్టి పొర తగిలిందన్నారు కదా, జవాబు అక్కడుంది. బంకమట్టి మూతకింద ఉన్న ఇసుకలో నీరు అప్పటికే కిక్కిరిసి, ఒత్తిడిలో ఉంటుంది. మట్టం పెరగడానికి నింపాల్సిన ఖాళీలు లేవు. తోపుడు వస్తే నీరు, ఇసుక రేణువుల అల్లిక రవ్వంత నొక్కుకుంటాయి, అంతే. పైన ఇసుకలో ఖాళీ నూటికి ఇరవై అయితే, ఈ మూతకింద లెక్కలోకి వచ్చేది పదివేలకి అయిదు లాంటి అంకె. నాలుగు వందల రెట్లు తక్కువ. నాలుగు వందలకి వర్గమూలం ఇరవై కాబట్టి తోపుడు ఇరవై రెట్లు దూరం పోతుంది. పైన 25 మీటర్లకి జరిగేది కింద 500 మీటర్లకి జరుగుతుంది: ఊపు ఐదో వంతు, ఆలస్యం మూడు గంటల పైచిలుకు. 120లో ఐదో వంతు 24 సెంటీమీటర్లు. మీరు చెప్పిన జానెడు, మూడు గంటలు. పొలంలో కొలతలు లెక్కతో ఇంత ముచ్చటగా కలవడం అరుదు. నా అంకెలు మీ నేలకి అచ్చంగా సరిపోయాయని అనను, ఆ కోవలోనివని మాత్రం అనగలను.

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది, మన ఇంజనీర్లు కూడా తరచు మర్చిపోయేది. ఆ బంకమట్టి కప్పు ఒడ్డు దగ్గరే ఆగిపోదు, చాలాచోట్ల సముద్రం అడుగున కూడా సాగుతుంది. పోటు వచ్చినప్పుడు దాని మీద నీటి బరువు పెరుగుతుంది. ఆ బరువుకి కింది పొర నొక్కుకుని లోపలి నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఒక్క చుక్క సముద్రపు నీరు లోపలికి రాకుండానే మీ బోరులో మట్టం లేస్తుంది. అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో రైలు పట్టాల పక్కనున్న ఒక బావిలో రైలు వెళ్ళినప్పుడల్లా నీరు కదిలేదని అదే జాకబ్ 1939లో చూపించాడు. రైలు నేలలోకి నీళ్ళు పోయలేదు కదా. గాలి బరువు మాత్రం దీనికి ఎదురు పని చేస్తుంది: వాతావరణ పీడనం పెరిగితే ఇలాంటి బోరులో మట్టం దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. కాబట్టి వాయుగుండం రోజుల్లో వాన పడకముందే బోరులో నీరు లేస్తే కంగారు పడకండి. సముద్రానికి బాగా దూరంగా ఉండే గట్టి రాతి బోర్లలో కూడా రోజుకి రెండుసార్లు కాస్తంత కదలిక ఉంటుంది. చంద్రుడూ సూర్యుడూ సముద్రాన్నే కాదు, రాతి నేలనీ లాగుతారు. మహారాష్ట్రలో కోయ్నా చుట్టూ హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు గమనించే బోరు బావుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ సూత్రంలో నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటి చెప్పాలి. ఊపు ఎంత మిగిలిందో, ఆలస్యం ఎంతైందో రెండూ ఒకే అంకె నుంచి పుడతాయి. అందుకే ఇసుక ఏదైనా, పొర మందం ఎంతైనా, బావి సరిగ్గా తలకిందులయ్యే చోట మిగిలే ఊపు సముద్రపు ఊపులో నూటికి నాలుగు పాళ్ళే. మీ బావిలో 120కి అయిదు, అంటే నూటికి నాలుగు పైచిలుకు. బోరులో ఇరవై పాళ్ళు మిగిలింది, దానికి రావలసిన ఆలస్యం మూడు గంటలు, మీరు చూసిందీ అదే. రెండూ నిజాయితీగా ఇసుకలోంచి, పొరలోంచి వస్తున్న కబుర్లే. అదే బోరులో జానెడు ఊపు ఉండి ఆలస్యం అరగంటే అయ్యుంటే నాకు అనుమానం వచ్చేది. అప్పుడు సముద్రం బరువే నేరుగా పని చేస్తోందనో, దగ్గరలో మనం చూడని కాలువేదో ఉందనో వెతకాలి.

కాలువ మాట వచ్చింది కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. దూరం కొలిచేటప్పుడు అందరూ బీచ్ నుంచే కొలుస్తారు. పోటు బీచ్ దగ్గర ఆగదు. మురుగు కాలువలు, ఉప్పుటేర్లు, నది సముద్రంలో కలిసే మొగల గుండా లోపలికి ఎన్నో కిలోమీటర్లు వస్తుంది. కొల్లేరు నీటిని సముద్రానికి తీసుకెళ్ళే ఉప్పుటేరులో పోటు వెనక్కి తన్నడం ఆ చుట్టుపక్కల వాళ్ళందరికీ తెలుసు. కోనసీమలో గోదావరి పాయల పక్కన ఉన్న బావికి సముద్రం అంటే ఆ పాయే. తీరం వెంబడి ఆయకట్టు మురుగు తీసుకెళ్ళే డ్రెయిన్లున్న చోట కూడా ఇదే తంతు. పైగా బీచ్ నుంచి వచ్చేది ఎక్కువగా తోపుడు మాత్రమే, కానీ కాలువలో వచ్చేది అసలు ఉప్పు నీరే. వేసవిలో పైనుంచి వచ్చే నీరు తగ్గినప్పుడు ఆ ఉప్పు నీరు గట్లలోంచి పక్క నేలలోకి దిగుతుంది. కాబట్టి మీ బోరుకి దగ్గరలో పోటు ఎక్కే కాలువ ఉంటే, దాని దూరం కూడా కొలవండి.

రోజువారీ ఊపు కాకుండా, మీకు ఇంకో రెండు నెమ్మది కదలికలు కనిపిస్తాయి. ఒకటి పక్షానికోసారి వచ్చేది. ఏటవాలు ఇసుక తీరంలోకి పోటునీరు త్వరగా ఇంకుతుంది, ఆటుకి అంత త్వరగా కారిపోదు. అందుకే తీరం వెంట నేలలో నీరు సగటు సముద్ర మట్టానికి ఎప్పుడూ కొంచెం పైనే నిలుస్తుంది. పెద్ద పోట్ల రోజుల్లో ఇంకాస్త పైకి వస్తుంది. నెమ్మదిగా వచ్చే కదలిక ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, రోజువారీ ఊపు పూర్తిగా చచ్చిపోయిన దూరంలో కూడా ఇది కనిపిస్తుంది. అమావాస్య దాటిన నాలుగైదు రోజులకి వంద మీటర్ల లోపలి బావిలో నీరు కాస్త లేచిందంటే అది మీ భ్రమ కాదు. రెండోది ఏడాదికోసారి. బంగాళాఖాతం సగటు మట్టమే మన తీరంలో మార్చి ప్రాంతంలో తక్కువగా, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. ఆ నెలల్లోనే వానలు కూడా పడతాయి కాబట్టి బావి పెరుగుదల మొత్తం వాన ఖాతాలో వేసేస్తాం. కొంత సముద్రం వాటా.

ఇక ఉప్పు సంగతి, అసలు భయం అదే కదా. బోరు ఉప్పగా ఉండటానికి ఈ జానెడు ఊపు కారణం కాదు. నిజానికి ఊపుకీ ఉప్పుకీ లంకె పెట్టి చూడటం వల్లే చాలామంది దారి తప్పుతారు. పెద్ద ఊపున్న బోరు తియ్యగా ఉండొచ్చు, ఊపే లేని బోరు ఉప్పగా ఉండొచ్చు. డెల్టా ప్రాంతంలో బంకమట్టి కింద చిక్కుకున్న ఉప్పు చాలాచోట్ల వేల ఏళ్ళ నాటిది. ఒకప్పుడు సముద్రం ఇప్పటికంటే లోపలికి ఉండేది. అప్పటి తీరాలే ఇవాళ కృష్ణా, గోదావరి డెల్టాల్లో తీరానికి సమాంతరంగా కనిపించే ఇసుక దిబ్బలు. ఆ దిబ్బల మీద బావి తియ్యగా, రెండు దిబ్బల మధ్య పల్లంలో ఉప్పగా ఉండటం మీరు చూసే ఉంటారు. దగ్గరలో ఉప్పు నీటి రొయ్యల చెరువులు ఉంటే అది ఇంకో దారి. కేసింగ్, అంటే బోరులో దించిన గొట్టం, ఎక్కడైనా చిట్లి ఉంటే, పైనుంచో పక్కనుంచో ఉప్పు దిగేది మరో దారి.

మీ వరల బావికి మాత్రం అసలు ప్రమాదం మీ మోటారే. సముద్రపు నీరు తీపి నీటికంటే నూటికి రెండున్నర పాళ్ళు బరువు. అందుకే తీపి నీరు ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది, కొబ్బరినూనె నీళ్ళ మీద తేలినట్టు. డచ్ ఇంజనీరు బాడన్ గైబెన్ 1880ల చివర్లో, జర్మనీలో హెర్జ్‌బర్గ్ 1901లో విడివిడిగా కట్టిన లెక్క ప్రకారం, సముద్ర మట్టం మీద ఒక అడుగు తీపి నీరు నిలిస్తే మట్టం కింద నలభై అడుగుల దాకా తీపి నీరు ఉంటుంది. వినడానికి బాగుంటుంది, కానీ తిరగేసి చదవండి: మోటారుతో ఒక అడుగు దించి అలాగే ఉంచితే, కింద ఉప్పు నలభై అడుగులు పైకి రావాలని చూస్తుంది. అంత లేవకముందే మధ్యలో శంకువులాగా ఎగదన్ని బావిలో పడుతుంది. ఒకసారి పడ్డాక మోటారు ఆపినా త్వరగా దిగదు.

మన పెద్దవాళ్ళకి సూత్రం తెలియకపోయినా సంగతి తెలుసు. మీ ప్రాంతంలోని దొరువులే సాక్ష్యం. లోతుగా తవ్వకుండా వెడల్పుగా తవ్వి, పైపైన ఊరిన తీపి నీటిని కడవలతో ముంచుకునేవారు. మీగడ తీసినట్టు. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఈ దొరువు పద్ధతినే మెరుగుపరిచారు: కన్నాలున్న గొట్టాలని నేలలో అడ్డంగా వేసి, చుట్టూ ఊరే నీటిని మధ్యలో ఉన్న బావిలోకి చేర్చి, అక్కణ్ణుంచి తోడటం. మీ కొబ్బరి చెట్లకి నీళ్ళు చాలడం లేదని ఇంకో బోరు వేద్దామనుకుంటున్నారని రాశారు. నా మాట వింటే బోరు వద్దు, ఆ ఖర్చు దీని మీద పెట్టండి. బావికి కూడా పెద్ద మోటారు గంటసేపు వేసేకంటే చిన్న మోటారు విడతలు విడతలుగా వేయండి. పోటు చూసి మోటారు వేయాలా, ఆటు చూసి వేయాలా అని ఒకాయన అడిగారు. యాభై మీటర్ల దగ్గర ఆ రెండంగుళాల కోసం ముహూర్తం చూడక్కర్లేదు, ఎంత తోడుతున్నారన్నదే ముఖ్యం. కొత్త బావి తవ్వితే మాత్రం సముద్రం వైపుకి జరగకండి. పెద్ద పోటు తాకే చోట ఇసుక పైపొరలో కూడా ఉప్పు నీరు తిరుగుతూ ఉంటుంది, కింద తియ్యగా ఉన్నా పైన ఉప్పగా ఉండే చోటు అది.

కొలతల గురించి ఒక స్వానుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తీర గ్రామంలో పన్నెండు బావుల మట్టాలు ఒక్క రోజులో తిరిగి రాసుకొచ్చాను. ఉదయం సముద్రం వైపు బావులు, సాయంత్రం లోపలివి. పటం గీస్తే నేలలో నీరు సముద్రం నుంచి ఊరి వైపు పారుతున్నట్టు వచ్చింది. దాని మీద గంభీరంగా ఒక రిపోర్టు కూడా రాశాను. ఉదయం పెద్ద పోటు తోపుడు తీరపు బావుల్లో ఉన్నప్పుడు కొలిచానని మా పై అధికారి ఒక్క చూపులో పట్టేశారు. ఆ రిపోర్టు బయటికి పోలేదు, కానీ ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకా పోలేదు. తీరంలో ఒక్కసారి కొలిచిన మట్టం, మట్టం కాదు. గంటకొకటి చొప్పున వరసగా 71 కొలతలు తీసుకుని పద్ధతి ప్రకారం సగటు కట్టడం మా పనిలో ఆనవాయితీ. నలభై రెట్ల లెక్క వేయాల్సింది కూడా ఆ సగటు మీదే, మీకు కనపడిన ఏదో ఒక ఘడియ మట్టం మీద కాదు.

మీకు అంత శ్రమ అక్కర్లేదు. పెద్ద పోటు రోజుల్లో ఒకసారి, అష్టమి తర్వాత ఒకసారి, 25 గంటల పాటు అరగంటకోసారి టేపుతో కొలిచి రాయండి. టేపు చివర సుద్ద రుద్దితే తడిసిన గీత స్పష్టంగా పడుతుంది. ఆ 25 గంటలూ మోటారు ఆపాలి, వీలైతే పక్కింటివాళ్ళది కూడా. సముద్రపు పోటు వేళలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, సర్వే ఆఫ్ ఇండియా కూడా ఏటా పట్టికలు వేస్తుంది. రేవు మారితే వేళ కొంచెం మారుతుంది, మీకు దగ్గరి రేవుది తీసుకోండి. మట్టంతో పాటు ఉప్పదనం కూడా కొలవాలి. చేతిలో పట్టే ఈసీ మీటర్ (నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పదనం చెప్పేది) ఒకటి కొనుక్కోండి, పెద్ద ధరేం కాదు. పైన ఒకటి, అడుగున ఒకటి నమూనా తీసి చూడండి. తాగే నీటికి మన ప్రమాణంలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 దాకా. క్లోరైడ్ అయితే 250, గత్యంతరం లేనప్పుడు 1000. ల్యాబ్‌లో ఒకసారి క్లోరైడ్ చేయించుకుంటే మీటరు అంకెలకి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇంకొకటి, తుఫాను గురించి. 1977 నవంబరులో దివిసీమ మీద పడ్డ ఉప్పెనలాంటిది వస్తే ఈ లెక్కలేవీ పనికిరావు. అప్పుడు ఉప్పు కిందనుంచి కాదు, నేల మీదనుంచి వచ్చి బావిలో పడుతుంది. అలాంటప్పుడు బావిని శుభ్రం చేయాలని రోజుల తరబడి మోటారు వేసి తోడేయడం చాలామంది చేసే పొరపాటు. 2004 సునామీ తర్వాత శ్రీలంక తీరంలో కూడా ఇలా అతిగా తోడొద్దని చెప్పాల్సి వచ్చింది. పడిన ఉప్పు నీటినీ బురదనీ ఒకసారి జాగ్రత్తగా తీసి, మిగతాది వానకి వదిలేయాలి.

ఆ రెండు విడతల కొలతలూ అయ్యాక ఇక్కడ పెట్టండి. బోరు ఈసీ పోటుకీ ఆటుకీ మారకుండా ఒకే అంకె దగ్గర ఉంటే, మోటారు వేసినా పెరగకపోతే, అది పాత ఉప్పు అయ్యుండొచ్చు. మోటారు వేసిన కొద్దీ పెరుగుతూ పోతే కిందనుంచి ఎగదన్నుతోందని. మోటారు ఆపి ఉన్నా వాన పడ్డప్పుడల్లా మారుతుంటే, కేసింగ్ పరీక్ష చేయించాల్సిందే.